తగలబెట్టలేని దేవుళ్లకు పెట్టిన పేరు

(మాటల వెనక మనుషులు – 9)



గత భాగంలో ‘క్షుద్ర దేవతలు’ అన్న మాట గురించి రాశాను. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ... మన వాడల్ని కాచే తల్లులందర్నీ ఒక్క గంపలో వేసి పండితులు ఆ గంపకు పెట్టిన పేరు అది. క్షుద్రం అంటే అల్పం, నీచం. అదే మాట ఇవాళ పేపర్లలో ‘క్షుద్రపూజలు’ అయి చేతబడికి అర్థంగా తిరుగుతోంది. ముందు దేవత చిన్నదైంది, తర్వాత ఆ దేవతను కొలిచేవాడు అనుమానితుడయ్యాడు. ఇది కులం ఉన్న చోటే జరుగుతుందా, కులం లేని చోట కూడా జరుగుతుందా అన్న ప్రశ్న అక్కడ మిగిలిపోయింది. దానికి జవాబు వెతుక్కుంటూ ఈసారి చాలా దూరం వెళ్దాం.

రష్యాలో ఐరోపాను ఆసియాను విడదీస్తూ ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే కొండల వరుస ఉరల్. దాని ఉత్తర భాగంలో, 62 డిగ్రీల అక్షాంశం దగ్గర, పెచోరా నది పుట్టే చోటికి దాపున ఒక బోడికొండ ఉంది. దగ్గర్లో ఊరు లేదు, రోడ్డు లేదు. వెళ్లాలంటే అడవిలో, చిత్తడిలో రోజుల తరబడి నడవాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి. చలికాలమంతా మంచే. ఆ కొండ నెత్తిన ఏడు రాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఒక్కోటి 30 నుంచి 42 మీటర్ల ఎత్తు, అంటే పదంతస్తుల మేడ, ఇంకా పైన. ఆరు వరుసగా కొండ అంచున ఉంటాయి. ఒకటి విడిగా, తలకిందులు చేసిన సీసాలా అడుగున సన్నగా పైన లావుగా నిలబడుతుంది.

ఆ రాళ్లను ఎవరూ చెక్కలేదు, ఎవరూ మోసుకొచ్చి నిలబెట్టలేదు. ఒకప్పుడు అక్కడ ఇంకా ఎత్తయిన కొండ ఉండేది. కోట్ల ఏళ్ల పాటు గాలి, వాన, మంచు దాన్ని అరగదీశాయి. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, రాయి చీలుతుంది. మెత్తని రాయి పొడిపొడిగా రాలి కొట్టుకుపోయింది. గట్టి రాయి మిగిలింది. కొండ పోయి, కొండలోని ఎముకలు నిలబడ్డాయన్నమాట.

ఆ కొండల్లో వేటాడి, చేపలు పట్టి, రెయిన్‌డీర్ల మందలు మేపుకుని బతికినవాళ్లు మాన్సీలు. వాళ్ల భాషలో ఆ కొండ పేరు మాన్‌పుపునేర్. మాన్ అంటే చిన్న, పుపు అంటే దేవత లేదా దేవతామూర్తి, నేర్ అంటే కొండ. మూర్తుల చిన్నకొండ. ఆ రాళ్ల గురించి ఒక కథ చెప్పుకుంటారు. సమోయెద్ రాక్షసులు మాన్సీలను తుడిచిపెట్టడానికి ఉరల్ దాటుకుని బయల్దేరారు. వాళ్లకు ముందు నడిచేవాడు ఒక షామన్, అంటే డప్పు మోగించి, పూనకంలో దేవతలతో మాట్లాడే మనిషి. ఆ కొండ ఎక్కేసరికి ఎదురుగా మాన్సీల పవిత్ర పర్వతం యాల్పింగ్‌నేర్ కనిపించింది. భయంతో షామన్ చేతిలోని డప్పు జారి కిందపడింది. వచ్చినవాళ్లంతా ఉన్నచోటే రాళ్లయిపోయారు. పడిన డప్పు కొయిప్ అనే కొండ అయింది. మాన్సీ భాషలో కొయిప్ అంటే డప్పే.

డప్పు కొండగా మారిన కథ విన్నప్పుడు మన వాడవాళ్లకు చెవులు నిక్కబొడుచుకోవడం సహజం. ఆ మురిపెం కాసేపు పక్కన పెట్టండి. నేను చెప్పబోయేది పేర్ల గురించి.

ఆ కొండకు రెండో పేరు ఉంది. ఉరల్‌కు పడమటి వైపు ఉండే కోమి ప్రజలు దాన్ని బొల్వనో-ఇజ్ అన్నారు. ‘ఇజ్’ కోమి మాట, రాయి, కొండ అని అర్థం. ‘బొల్వాన్’ మాత్రం రష్యన్ మాట. రష్యన్లు కూడా ఆ రాళ్లను బొల్వానీ అంటారు. రష్యన్‌లో బొల్వాన్ అంటే చెక్కిన మొద్దు, విగ్రహం. ఇంకో అర్థం మొద్దుబుర్ర, దద్దమ్మ. బడిలో పంతులు పిల్లవాణ్ణి తిట్టడానికి వాడే మాట. ఒకరు మొక్కే మూర్తికి, ఇంకొకరు తిట్టే తిట్టుకు అక్కడ ఒకటే మాట. ఫలానా రోజున ఫలానావాడు కక్షగట్టి ఆ పేరు పెట్టాడని నేను అనను. భాషలో అవమానం చాలాసార్లు అలా జరగదు. మొక్కేవాడి మాట వినపడకుండా పోయి, చూసేవాడి మాటే పటంలోకి ఎక్కినప్పుడు అది దానంతట అదే జరిగిపోతుంది.

మరి మొక్కేవాడి మాట ఎలా వినపడకుండా పోయింది? అది చరిత్ర.

ఉరల్ అవతలి జనం మీద రష్యన్ పాలకుల కన్ను పడింది బొచ్చు కోసం. సేబుల్ అనే చిన్న జంతువు బొచ్చు ఆనాడు ఐరోపాలో బంగారంతో సమానం. 1483లో మాస్కో సైన్యం ఉరల్ దాటింది. 1593లో మాన్సీల పెలీమ్ రాజ్యం కూలింది, అదే చోట రష్యన్ కోట లేచింది. ఆ తర్వాత వేటగాళ్ల మీద ‘యసాక్’ అనే పన్ను పడింది. ఏడాదికి ఇన్ని బొచ్చులు అని లెక్క. కట్టించుకోవడానికి మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం సైబీరియా అంతటా నడిచిన పద్ధతి. పడమటి లోయల్లో ఉండే మాన్సీలు మెల్లగా తూర్పుకు జరిగిపోయారు.

పన్ను తర్వాత మతం వచ్చింది. 1710లో జార్ పీటర్ తొబోల్స్క్ మతాధికారి ఫిలొఫేయ్‌కి ఆజ్ఞ ఇచ్చాడు. ఒబ్ నది జనం మొక్కే విగ్రహాలను నరికి తగలబెట్టాలి, గుళ్లు కూల్చాలి, జనానికి బాప్తిస్మం ఇవ్వాలి, ఎదురు తిరిగితే మరణశిక్ష. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు పన్నులో రాయితీ. కర్ర ఒక చేత, బెల్లం ఒక చేత. కొద్ది ఏళ్లలోనే పెలీమ్, కొండా నదుల మాన్సీల దాకా ఆ పడవలు వచ్చాయి. ఫిలొఫేయ్ వెంట ఉన్న గ్రిగొరీ నొవీత్‌స్కీ 1715లో రాసిన పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. కొండా నది దగ్గరి జనం ఒక బేరం పెట్టారు. మేం మీ మతంలోకి వస్తాం, మా దేవుణ్ణి మాత్రం కాల్చకండి, మాతోపాటు ఆయనకు కూడా బాప్తిస్మం ఇచ్చి బంగారు శిలువ వేయండి అని. మిషనరీలకు అది అమాయకపు వాగుడులా కనిపించింది. నాకు మాత్రం అది ఓడిపోతూ కూడా తనవాణ్ణి విడిచిపెట్టని మనిషి మాటలా వినిపిస్తుంది. బేరం కుదరలేదు. చెక్క దేవుళ్లు కాలిపోయారు.

రాతి దేవుళ్లు కాలరు. 40 మీటర్ల రాయిని నరకడానికి ఏ గొడ్డలీ చాలదు. అందుకే మాన్‌పుపునేర్ మీద ఏడుగురూ నిలబడే ఉన్నారు. మారింది పేరు ఒక్కటే.

ఇక్కడ కోమి ప్రజల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు పాలకులు కారు. 14వ శతాబ్దంలో పెర్మ్ స్టెఫాన్ అనే మతగురువు వాళ్లలోకి వచ్చి, వాళ్లు మొక్కే చెట్టును నరికి, మూర్తులను కాల్చి, వాళ్లను క్రైస్తవంలోకి మార్చాడు. తమ దేవుళ్లు పోగొట్టుకున్నవాళ్లే పక్కవాడి దేవుణ్ణి అరువు తెచ్చుకున్న రష్యన్ మాటతో బొల్వాన్ అన్నారు. పైవాడి దగ్గర నేర్చుకున్న మాటను కిందివాడి మీద వాడటం మనకు కొత్త కాదు. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతలో మెట్లన్నీ నిలబడేది ఈ అలవాటు మీదే. అక్కడ కులం లేదు, అలవాటు మాత్రం ఉంది.

ఇంకొక మాట చూడండి. కథలో రాక్షసుల్ని సమోయెద్‌లు అన్నారు కదా. అది నెనెట్స్ అనే పొరుగు జాతికి రష్యన్లు వాడిన పేరు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఏమోగాని రష్యన్ చెవికి ‘తనను తాను తినేవాడు’ అని వినిపిస్తుంది. ఆ వినికిడి నుంచే వాళ్లు నరమాంస భక్షకులన్న పుకార్లు బలపడ్డాయి. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు నెనెట్స్. ఆ మాటకు వాళ్ల భాషలో అర్థం మనిషి. మాన్సీలను కూడా 1930ల దాకా బయటివాళ్లు వొగూల్‌లు అన్నారు, ప్రభుత్వ రికార్డులూ అలాగే రాశాయి. మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు కాగితం ఎక్కడానికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. పంచముడు, హరిజనుడు, షెడ్యూల్డు కులం, దళితుడు అన్న వరుసలో ఏది ఎవరు పెట్టిన పేరో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

పేరు పెట్టేవాళ్లలో పండితులు కూడా ఉన్నారు. 1843లో అంతల్ రెగూయి అనే హంగేరియన్ యువకుడు మాన్సీల మధ్యకు వెళ్లాడు. హంగేరియన్ భాషకు అతి దగ్గరి చుట్టాలు మాన్సీ, ఖాంతీ భాషలే. రెండేళ్లు తిరిగి ముసలి గాయకుల నోటి నుంచి దేవతల పాటలు, వీరుల పాటలు రాసుకున్నాడు. ఉత్తర ఉరల్‌కు పటం గీశాడు. ఆ పాటల్ని పూర్తిగా అనువదించకుండానే 1858లో 39 ఏళ్లకు చనిపోయాడు. చేతిరాతలు ఉన్నాయి, అర్థం చెప్పేవాళ్లు లేరు. ముప్పయ్యేళ్ల తర్వాత బెర్నాత్ ముంకాచి ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ మాన్సీల దగ్గరికి వెళ్లాడు. అక్కడి పెద్దవాళ్లు విని, విప్పి చెబితే గాని ఆ పాటలు పుస్తకం కాలేదు. 1892 నుంచి ఆ సంపుటాలు వచ్చాయి. వాటి అట్టల మీద ఉన్నది ముంకాచి పేరు.

అదే కాలంలో హంగేరీ పెద్దింటివాళ్లు ఈ చుట్టరికాన్ని ఏమన్నారో తెలుసా? ‘చేపకంపు చుట్టరికం’ అన్నారు. మేం హూణుల వారసులం, తురుష్క యోధుల రక్తసంబంధీకులం అని చెప్పుకోవాలని వాళ్ల ఆశ. చేపలు పట్టుకుని బతికేవాళ్లు మీ అన్నదమ్ములు అని భాషాశాస్త్రం చెప్పేసరికి ముక్కు మూసుకున్నారు. 1870లు, 80లలో అక్కడ దీని మీద పెద్ద పండిత యుద్ధమే నడిచింది. చివరికి భాషే గెలిచింది. ‘మగ్యార్’ అన్న వాళ్ల జాతి పేరులోని మొదటి సగం, ‘మాన్సీ’ అన్న పేరు ఒకే ధాతువు నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. చేపకంపు వాళ్ల పేరులోనే ఉంది.

తెలుగువాళ్లకు ఈ కథతో ఒక సన్నని దారం ఉంది. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్, మన భాషలకు ఫిన్నిష్-ఉగ్రియన్ భాషలతో పోలికలున్నాయని వాదించాడు. మాన్సీ ఆ కుటుంబంలోదే. 20వ శతాబ్దంలో థామస్ బరో కూడా ఆ పోలికల్ని వెతికాడు. చుట్టరికం రుజువు కాలేదు, ఇవాళ భాషావేత్తల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు. నేను కూడా ఇక్కడ చుట్టరికం కలపబోవడం లేదు. చుట్టాలైతేనే బాధ అర్థమవుతుందా?

ఇప్పుడొక ఇబ్బందికరమైన విషయం. మాన్‌పుపునేర్ మీదికి మామూలు మనుషులు పోకూడదని, షామన్లు మాత్రమే వెళ్లేవాళ్లని చెబుతారు. మాన్సీల పవిత్ర స్థలాలు చాలావాటిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. 1930లో నాసిక్ కాలారాం గుడి తలుపు దగ్గర నిలబడిన మనం దీన్ని చూసీ చూడనట్టు పోలేం. ఆదివాసీ సంప్రదాయం కాబట్టి అంతా స్వచ్ఛమే అనడం కూడా ఒక రకం అవమానమే. ఎదుటివాణ్ణి తప్పు చేయగల మనిషిగా గుర్తించకపోవడం అది. ఆడవాళ్లను ఆపిన గీత గీతే, ఎవరు గీసినా.

అలాగని దాన్ని కులం అనేస్తే అదీ అబద్ధమే. మాన్సీ సమాజం పాతకాలంలో పోర్, మోస్ అని రెండు సగాలు. పోర్ వాళ్ల మూలపురుషుడు ఎలుగుబంటి. మోస్ వాళ్లు కల్తష్ అనే తల్లి సంతతి. నియమం ఏమిటంటే పోర్ వాళ్లు పోర్‌లో పెళ్లి చేసుకోకూడదు, మోస్ వాళ్లు మోస్‌లో చేసుకోకూడదు. అవతలి సగంలోనే సంబంధం కలుపుకోవాలి. 1916లో అంబేడ్కర్ కులం గుట్టు విప్పుతూ చెప్పింది, తన గుంపులోనే పెళ్లి అన్న కంచె వేయడమే కులం పుట్టుక అని. అక్కడ గుంపు దాటి పెళ్లి చేసుకోవడం ధర్మం, ఇక్కడ గుంపు దాటి పెళ్లి చేసుకుంటే పరువు హత్య. రెండూ ఒకటి కాదు.

సోవియట్ కాలం వచ్చాక మాన్సీలకు బడులు, రాత, సొంత పేరు వచ్చాయి. 1930 డిసెంబరులో వాళ్ల పేరిట ఒక జాతీయ ప్రాంతం ఏర్పడింది. దానికి మొదట పెట్టిన పేరులో కూడా ‘వొగూల్’ అనే ఉంది, 1940లో గాని ఖాంతీ-మాన్సీ కాలేదు. అదే ప్రభుత్వం షామన్లకు ఓటు హక్కు తీసేసింది, పిల్లల్ని హాస్టళ్లకు లాక్కుపోయింది, ఎలుగుబంటి పండుగను అణిచేసింది. పవిత్రమైన నుమ్‌తో సరస్సులో చేపల వేట మొదలుపెట్టడం, పిల్లల్ని లాక్కుపోవడం లాంటి వాటి మీద 1933-34లో పొరుగున ఖాంతీలు, నెనెట్స్ తిరగబడితే ఆయుధాలతో అణిచారు. జార్ వాళ్ల దేవుణ్ణి బొల్వాన్ అన్నాడు, కమ్యూనిస్టు మూఢనమ్మకం అన్నాడు. నేను హేతువాదిని, నాకు దేవుళ్లతో పని లేదు. అయినా ఒకరి నమ్మకంతో వాదించడం వేరు, తుపాకీ పట్టుకుని వాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోవడం వేరు.

1959 ఫిబ్రవరిలో అదే కొండల వరుసలో, హొలాత్ స్యాహ్ల్ అనే కొండ వాలు మీద, తొమ్మిదిమంది రష్యన్ పర్వతయాత్రికులు చనిపోయారు. ‘ద్యాత్లొవ్ కనుమ’ పేరుతో యూట్యూబ్‌లో తెలుగులో కూడా దొరుకుతుంది ఆ కథ. వాళ్లు కనపడకుండా పోతే వెతకడానికి మంచులో వెళ్లినవాళ్లలో మాన్సీ వేటగాళ్లూ ఉన్నారు. దర్యాప్తులో మొదట అనుమానం పడింది మాన్సీల మీదే. పవిత్ర కొండను మైలపరిచారని చంపారేమో అని. తీరా చూస్తే గుడారం లోపలి నుంచి కోసి ఉంది, బయటివాళ్ల అడుగుల జాడ లేదు. మాన్సీలకు సంబంధం లేదని తేలింది. 2020లో రష్యన్ ప్రాసిక్యూటర్లు మంచుచరియే కారణమన్నారు. అనుమానం పోయిందా? యాత్రికుల కథల్లో ఆ కొండ పేరుకు ‘మృతుల కొండ’ అనే చెబుతారు. మాన్సీ మాటకు అసలు భావం ఏమీ బతకని, వేట దొరకని బోడికొండ అని. వేటగాడు తోటి వేటగాడికి చెప్పిన కబురు, బయటివాడి నోట్లో భూతాల కథ అయింది. నేరం ఎక్కడ జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు తడతారో స్టువర్టుపురం ఎరుకలవాళ్లను అడగండి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రద్దయి ఎన్నేళ్లయినా ఆ ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు.

ఇవాళ్టికి వద్దాం. 1953లో మాన్సీల ప్రాంతమైన బెర్యోజొవోలో గ్యాస్ తన్నుకొచ్చింది. 1960లో షాయిమ్ దగ్గర చమురు పడింది. ఖాంతీ-మాన్సీ ప్రాంతం ఇప్పుడు రష్యా చమురులో అయిదింట రెండు వంతులు ఇస్తోంది. అక్కడి జనాభాలో ఖాంతీలు, మాన్సీలు కలిపినా వందకు ముగ్గురు కూడా లేరు. మాన్సీలు మొత్తం పన్నెండు వేల పైచిలుకు. వాళ్లలో మాన్సీ మాట్లాడతామని 2010 జనగణనలో చెప్పినవాళ్లు వెయ్యికి లోపే. నాలుగు మాండలికాలుండేవి, ఉత్తరపుది ఒక్కటే మిగిలింది. మాన్‌పుపునేర్ మాత్రం కళకళలాడుతోంది. 1995లో ఆ అడవులు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 2008లో ఆ స్తంభాలు రష్యా ఏడు వింతల్లో ఒకటయ్యాయి. యాత్రికుల పుస్తకాల్లో డప్పు కథ కన్నా ఎక్కువ కనిపించేది ఇంకో కథ. రాక్షసుడు నాయకుడి కూతుర్ని కోరడం, అన్న మాయా డాలుతో వచ్చి వాళ్లను రాళ్లు చేయడం. సినిమాకు సరిపోతుంది. డప్పు మోత అందులో వినపడదు.

వినిపించేలా చేసినవాళ్లు మాన్సీలే. యువాన్ షెస్తలొవ్ అనే మాన్సీ కవి 1971లో తన కావ్యానికి ‘అన్యమతస్థుడి కావ్యం’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మిషనరీలు తిట్టుగా వాడిన మాటను అట్ట మీదికి ఎక్కించాడు. ఎవ్దొకియా రొంబందేయెవా 1928లో పుట్టిన మాన్సీ మహిళ. తన భాషకు వ్యాకరణం రాసింది, తన జాతిలో భాషాశాస్త్రంలో అత్యున్నత పట్టా అందుకున్న మొదటి మనిషి అయింది. రెగూయి, ముంకాచి నూరేళ్ల కింద రాసుకుపోయిన పాటలను మళ్లీ మాన్సీ చెవితో విని అర్థం చెప్పింది. ఆడవాళ్లను దగ్గరికి రానివ్వని దేవుళ్ల పాటలకు ఒక ఆడమనిషి అర్థం చెప్పింది. గీత చెరిపేయడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. 1989 నుంచి ‘లూయిమా సేరిపోస్’ అని మాన్సీ భాషలో పత్రిక కూడా వస్తోంది.

ఇక మొదటి ప్రశ్న. కులం లేని చోట కూడా ఇది జరిగింది. మనవాళ్ల దేవుణ్ణి అల్పం చేయడానికి మనుధర్మమే అక్కర్లేదు. భూమి కావాలి, పన్ను కావాలి, నిఘంటువు రాసేవాడు మనవాడు కాకూడదు. ఈ మూడూ కలిస్తే చాలు.

మొదటి రెండింటి మీద మనం జెండాలు పట్టుకుని పోరాడుతున్నాం. మూడోది చదువుకున్న మన పిల్లల చేతిలో ఉంది. మీ వాడలో బోనం ఎత్తే ముసలమ్మ, డప్పు దరువుల పేర్లు తెలిసిన తాత, బైండ్ల కథ చెప్పే పెద్దాయన ఇంకా ఉన్నారు. ఈ పండక్కి ఊరెళ్తే ఫోన్‌లో ఫొటో ఒక్కటే తీసుకుని రాకండి. ఏ రాయి పేరు ఏమిటో, ఎందుకు ఆ పేరో, ఎవరిని దగ్గరికి రానిచ్చేవారో, ఎవరిని రానివ్వలేదో అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. కింద వాళ్ల పేరు రాయండి. అట్ట మీద కూడా వాళ్ల పేరే ఉండాలి.

వచ్చే భాగంలో ‘అంటు’ అన్న మాట.

జై భీమ్.